జానెడు చోటు

ఓడిన అభ్యర్థి తన ప్రచార బోర్డులు తనే పీక్కోవాలన్నది అమెరికాలోని అయోవా పల్లెల మర్యాద. ఓడడంలో తనంత అనుభవజ్ఞుడు రాష్ట్రంలో లేడని ఎల్డన్ క్రూగర్ తనమీద తనే జోకులేసుకుంటాడు. ఓటమి ఇంకా ఒప్పుకోలేదు గానీ, మోకాళ్లు పట్టుకుని వంగి, పీకిన ప్రతి బోర్డుకీ అలవాటుకొద్దీ చిరునవ్వు పారేస్తూ ట్రక్కులోకి విసురుతున్నాడు. అప్పుడే, గవర్నర్ పదవికి పార్టీ టికెట్ పోటీలో తనని ఓడించిన హార్లన్ ఫోన్ చేశాడు.

"ఓటమి ఒప్పుకుని ఇంటికెళ్తావా, నా పక్కన ఉపగవర్నర్‌గా నిలబడతావా?"

"ఆవుకీ ఎద్దుకీ తేడా తెలీనోడివని ఊరూరా తిట్టాను కదయ్యా నిన్ను!"

"అందుకే, తెలిసినోడు పక్కనుండాలి."

"ఆలోచించుకోవాలి," అని ఎల్డన్ గంభీరంగా ఫోన్ పెట్టేశాడు.

స్పీకర్‌లో అంతా విన్న భార్య వెల్డా ట్రక్కులోంచి నవ్వింది. "ఆలోచించేదేముంది? ఈ బోర్డుల మీద 'గవర్నర్' ముందు జానెడు చోటు వదిలి అచ్చేయించిన రోజే అనుకున్నాను."

ఎల్డన్ చేతిలోని బోర్డును మళ్లీ అదే గుంతలో గుచ్చాడు.