గస్తీ ఓడ కథలో రెండో సగం

నా చిన్నప్పుడు అమ్మను కన్న తాతయ్య మా ఇంట్లోనే ఉండేవాడు. వయసులో ఉండగా మద్రాసు రేవు నుంచి బయలుదేరే ఓడల్లో కళాసీగా పనిచేసి చాలా దేశాల రేవులు చూశాడు. చూపు మందగించాక, కొడుకులు లేని మనిషి గనుక, కూతురింటికి చేరాడు. అల్లుడింటి అన్నం తినే మామగారికి మా వైపు ఒక కట్టుబాటు ఉంది. పెట్టింది తినాలి, అడిగితేనే మాట్లాడాలి, అల్లుడి వ్యవహారాల్లో తల దూర్చకూడదు. ఈ మాట ఎవరూ పైకి అనరు. తాతయ్యకు ఎవరూ చెప్పాల్సిన పని కూడా లేదు. జరిగినదానికి సగం మూలం ఆ కట్టుబాటులో ఉంది. తక్కిన సగం నాది.

మా ఊరు తోటపల్లి గూడూరు దగ్గర. ఊరికి తూర్పున ఉప్పుకాలువ, దాని అవతల ఇసక, సముద్రం. ఆ రోజుల్లో సరుగుడు కట్టెలు వేసుకుని పడవలు ఆ కాలువ మీద మద్రాసు వైపు పోయేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ మోకుతో లాగేవాళ్ళు.

మా ఇంట్లో ఒక పిల్ల ఉండేది. నాకంటే ఓ ఏడాది పెద్దదేమో. ఒక ఏడు వరికోతలకు దక్షిణం నుంచి ఒక మేస్త్రి కూలీలను తీసుకొచ్చాడు. తిరిగి పోయేటప్పుడు వాళ్ళలో ఒకతను మా నాయన దగ్గర వడ్లు తీసుకుని, వాటికి బదులుగా కూతుర్ని వదిలిపెట్టి పోయాడు. మళ్ళీ కోతలకు వచ్చి తీసుకుపోతానన్నాడట. మళ్ళీ కోతలకు అతనూ రాలేదు, మేస్త్రీ రాలేదు. ఆ పిల్ల బర్రెలు తోలేది, పేడ ఎత్తేది, మేమంతా తిన్నాక వంటింటి గడప బయట కూర్చుని తినేది. వచ్చిన రోజు తన పేరేదో చెప్పింది. అమ్మకు నోరు తిరగక 'చిట్టీ' అని పిలిచింది. అదే నిలిచిపోయింది. ఆ పిల్లను మేము కొట్టలేదు, పస్తు పెట్టలేదు. ఇంటి పిల్లలాగే చూసుకుంటున్నామని నాయన నలుగురిలో చెప్పుకునేవాడు. మేమందరం నమ్మేవాళ్ళం.

నోరు మాత్రం గడుసు. నాకు బర్రెలంటే భయం. అవి ఎదురొస్తే గోడకు అంటుకుపోయేవాణ్ణి. "నిన్నేం తినవులే చిన్నయ్యా, నీకన్నా గడ్డే రుచి" అని నవ్వేది. నీ ఊరేదని అడిగితే ఎప్పుడూ ఒకటే చెప్పేది. కంటికి ఆననంత నీళ్ళట. చలికాలంలో ఎర్రకాళ్ళ కొంగలు దిగుతాయట. వాళ్ళమ్మ మోకాలి లోతు నీళ్ళలో వంగి, చేతులతో తడిమి రొయ్యలు పడుతుందట. ఊరి పేరు తనకూ తెలియదు. ఇంట్లో ఎప్పుడూ 'మన ఊరు' అనే అనుకునేవాళ్ళట.

సాయంత్రం నాయన అరుగు మీద చుట్ట వెలిగించే వేళకు తాతయ్య నన్ను పిలిచి కథ చెప్పేవాడు. ఆయనకు ఎన్నో కథలు వచ్చు. కానీ నాయన ఉన్నప్పుడు మాత్రం ఒకే కథ. ఆఫ్రికా పడమటి తీరంలో మనుషుల్ని సంకెళ్ళు వేసి ఓడల అడుగున కట్టెల్లా పేర్చి, సముద్రం దాటించి అమ్మేవాళ్ళట. ఆ వ్యాపారంలో ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్ళదే పెద్ద చెయ్యి. తర్వాత వాళ్ళకే అది పాపమని తోచి, చట్టం చేసి, ఆ తీరమంతా గస్తీ ఓడలు పెట్టారట. గస్తీ ఓడ తరుముకొస్తుంటే, ఓడలో మనుషులు కనబడకపోతే పట్టుకోలేరు గదా అని, కొందరు దొంగవ్యాపారులు సంకెళ్ళతోనే మనుషుల్ని నీళ్ళలోకి తోసేసేవాళ్ళట. అట్లా పోయినవాళ్ళు పోగా, చిక్కిన ఓడ అడుగు మూతను గస్తీ వాళ్ళు తెరిచి, సంకెళ్ళు పగలగొట్టి, మిగిలిన అందరినీ పైకి వెలుతురులోకి తెచ్చేవాళ్ళట. ఆ ఒడ్డున ఒక రేవులో బొగ్గు మోసే ముసలివాళ్ళు తాతయ్యకు చెప్పిన కథ ఇది. వెలుతురులోకి తెచ్చిన చోట ఆయన కథ ఆపేవాడు. ఆపి, పశువుల కొట్టం వైపు చూసేవాడు. "బాగుండాది మామా కథ" అని నాయన చుట్ట ఆర్పి లేచిపోయేవాడు.

నాకు మాత్రం కథ తలకెక్కింది. నేను గస్తీ ఓడ నాయకుణ్ణి. మా కొట్టంలో నేను విడిపించాల్సిన మనిషి ఉంది. ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. ఆ పిల్ల మీద జాలి కొంచెమే. మూత తెరిచే మనిషిని కావాలన్న ఆశే ఎక్కువ.

ఒక చలికాలపు మధ్యాహ్నం నాయన వడ్ల బేరానికి నెల్లూరు పోయాడు. అమ్మ చుట్టాలింట్లో ఉంది. కాలువ దగ్గర ఒక కట్టెల పడవ ఆగింది. నేను ఆ పిల్లను వెంటబెట్టుకుని పోయి, మా నాయన చెప్పాడు, ఈమెను వాళ్ళ ఊళ్ళో దించాలట అని పడవాయనతో చెప్పాను. ఏ ఊరని అడిగాడు. ఎర్రకాళ్ళ కొంగలు దిగే చోటని ఆ పిల్లే చెప్పింది. "అయితే కొంగల్నే అడగాల" అని ఆయన నవ్వాడు. అయినా మా నాయన పేరు విన్నాడు గనుక ఎక్కించుకున్నాడు.

కట్టెల మీదికి ఎక్కాక ఆ పిల్లకు మొదటిసారి బెదురు పుట్టింది. కిందికి వంగి నన్ను అడిగింది.

"చిన్నయ్యా, నేనొస్తన్నట్టు మా అమ్మకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

ఆ మాటతో ఆమె మొహం తెరిపిన పడింది. నేను అంత తేలిగ్గా అన్న మాట ఇంకొకటి లేదు.

ఇంటికి వచ్చి తాతయ్యకే ముందు చెప్పాను, మెచ్చుకుంటాడని. ఎవరికి అప్పజెప్పమన్నావని ఆయన అడిగాడు. ఆ సాయంత్రం నాయన వచ్చి కేకలు వేశాడు. ఎట్లాగైనా పిల్లను వెనక్కి తెమ్మన్నాడు. తెల్లవారి తాతయ్య నా చెయ్యి పట్టుకుని కాలువ గట్టు ఎక్కాడు.

దారిలో లాకు దగ్గర కాపలాదారు మమ్మల్ని ఆపి విషయం అడిగాడు. కట్టెల పడవ పోవడం చూశానన్నాడు. దక్షిణాన తనకు తెలిసినవాళ్ళు ఉన్నారనీ, కబురు పంపుతాననీ అన్నాడు.

"పిల్ల పేరేంది పెద్దాయనా?"

"చిట్టి అంటాం."

"చిట్టి ఇంటికొకతి ఉంటాదిలే. అసలు పేరు? తల్లి పేరు? ఊరు?"

తాతయ్య నా వైపు చూశాడు. నేను కాలువ వైపు చూశాను. మా ఇంట్లో అన్నాళ్ళు తిని, తిరిగి, నవ్విన మనిషి గురించి చెప్పడానికి మా ఇద్దరి దగ్గరా ఒక్క ముక్క లేదు.

"పేరు తెలీకుంటే ఎవురని అడిగేది సామీ" అన్నాడతను. వెక్కిరింపు కాదు. నిజంగానే దారి తోచక అన్నాడు.

ఇంకో పడవ ఎక్కి పోయాం. మర్నాడు, కాలువ పులికాట్ సరస్సు నీళ్ళలో కలిసే దగ్గర, గాలి లేక నిలిచిపోయిన ఆ కట్టెల పడవ కనిపించింది. పడవాయన చెప్పాడు. కొంచెం వెనక, నీళ్ళలో కొంగలు కనబడగానే ఆ పిల్ల ఇదే మా ఊరని లేచి నిలబడిందట. ఒడ్డున దించాడట. మనిషి జాడ లేదని, ఎవరైనా వచ్చేదాకా ఉంటానన్నాడట. "'నువ్వు పో మామా, మా అమ్మకు తెలుసు, చిన్నయ్య చెప్పినాడు' అనింది" అన్నాడు. ఆయన చూసినంతసేపూ ఒడ్డున కూర్చునే ఉందట.

ఆ ఒడ్డుకు వెనక్కి పోయాం. అక్కడ ఎవరూ లేరు. కొంగలు మాత్రం ఉన్నాయి. అటు చూస్తే మరో ఒడ్డు, దాని అవతల ఇంకొకటి, అన్ని చోట్లా కొంగలే. దగ్గరున్న పల్లెలన్నీ తిరిగాం. దక్షిణపు పిల్ల, బర్రెలు తోలే పిల్ల, గడుసుగా మాట్లాడే పిల్ల అని అడిగాం. ఎవరూ చూడలేదన్నారు. చివరికి తాతయ్య ఆ నీళ్ళ ఒడ్డునే చతికిలబడి కథలో రెండో సగం చెప్పాడు.

విడిపించిన వాళ్ళందరినీ గస్తీ ఓడలు ఒకే రేవులో దించేవట. అది వాళ్ళలో చాలామంది ఊరు కాదు. అక్కడి మాట వాళ్ళ మాట కాదు. వాళ్ళ ఊళ్ళు ఎక్కడో లోపల, అడవులకు, నదులకు అవతల. అంత దూరం తీసుకుపోయి దింపిన వాళ్ళు ఎవరూ లేరట. నోరు తిరగని పేర్లు తీసేసి వేరే పేర్లు పెట్టారట. కొందరిని పనికి కుదిర్చారట, కొందరిని మళ్ళీ ఓడలెక్కించి వేరే దీవులకు పంపారట. సంకెళ్ళు లేవు, అంతే. తాతయ్య చూసిన రేవులో బొగ్గు మోసిన ముసలివాళ్ళు వాళ్ళ మనవళ్ళు. తమ తాతల ఊరు ఏదో వాళ్ళకు తెలియదు.

నేను ఏడవడం చూసి ఆయన నన్ను తిట్టలేదు.

"ఈ కథ నీకు చెప్పింది కాదబ్బయా. మీ నాయనకు చెప్పినా. అల్లుడి మొగం జూసి 'ఆ బిడ్డను ఇంటికి పంపు' అనే దమ్ము లేక, నీకు చెప్తన్నట్టు ఆయనకు చెప్పినా. సగం చెప్పి ఊరుకున్నా. పాపం నాది."

పాపం ఆయనది కాదు. ఆయన చెప్పని సగం వేరు, నేను చెప్పిన అబద్ధం వేరు. ఆ అబద్ధం చెప్పకుండా పంపి ఉంటే ఆ పిల్ల పడవాయన్ను ఉండమనేది, ఏడ్చేది, వెనక్కి వచ్చేది. 'తెలుసు' అన్న మాటే ఆమెను ఆ ఒడ్డున ఒంటరిగా కూర్చోబెట్టింది. ఈ మాట ఆ రోజు తాతయ్యకు చెప్పలేకపోయాను. ఆయన పోయేదాకా చెప్పలేదు.

మరుసటి కోతల తర్వాత నాయన ఇంకో పిల్లవాణ్ణి తెచ్చాడు. వాడు గడప బయట కంచం ముందు కూర్చోగానే, తాతయ్య తన కంచం పట్టుకుని పోయి వాడి పక్కన కూర్చున్నాడు. పేరు అడిగాడు, తల్లి పేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఏ బస్సు దిగి ఎటు నడవాలో అడిగాడు. తర్వాత నాయన మొహం చూసి, పొద్దున్నే ఈ బిడ్డను నేను దించి వస్తానన్నాడు. తాతయ్య పిల్లవాణ్ణి తల్లి చేతికి అప్పజెప్పి వచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎక్కువ రోజులు ఉండలేదు. మద్రాసులో ఎవరో పాత ఓడ నేస్తం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంత చూసినవాణ్ణి, నేనైనా మారానా అంటే, లేదు. పొలాలు రొయ్యల గుంటలయ్యాక నా దగ్గర ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు కాపలా ఉన్నారు. వాళ్ళను చాలా ఏళ్ళు 'ఏమయ్యా' అనే పిలిచాను. ఒకతను గుంట గట్టు మీద పడిపోతే ఆసుపత్రిలో పేరేమిటని అడిగారు. నేను లాకు దగ్గర తాతయ్యలా నిలబడ్డాను. అతను బతికాడు, నా గొప్ప వల్ల కాదు. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన మనిషి పక్కన కూర్చుని పేరు, తల్లి పేరు, ఊరు, ఆ ఊరికి పోయే దారి అడుగుతున్నాను. తాతయ్య ముసలితనంలో నేర్చుకున్నదాన్ని నేనూ ముసలితనంలోనే నేర్చుకున్నాను.

చలికాలంలో పులికాట్ సరస్సు పక్కనున్న తడ వైపు పోయినప్పుడు బస్సు కిటికీలోంచి కొంగలు కనబడతాయి. పక్కనున్నవాళ్ళు పిల్లలకు చూపిస్తారు. నేను ఒడ్డు వైపు చూస్తాను.

ఇందులో ఎవరి పేరూ రాయలేదు. తాతయ్యది, నాయనది పెద్దల పేర్లని రాయలేదు. పడవాయనది, లాకు కాపలాదారుది ఎందుకులే అని వదిలేశాను. ఆ పిల్లది మాత్రం నాకు తెలియక రాయలేదు.