కోరుట్ల అంగడిలో చిలుము పొగాకు

పేరు పరశురాములు. వయస్సు అరవై ఎనిమిది. నివాసం కోరుట్ల. ఈ పత్రం వ్రాసిన వ్యక్తి ఆయనను నలభై ఒక్క సంవత్సరాలుగా ఎరుగును.

పరశురాములు తాత చందుర్తిలో పెరటి మడిలోనే పొగాకు పండించేవాడు. మట్టి చిలుములో దట్టించి పీల్చడానికి ఎవరి అనుమతీ అడగలేదు. తండ్రి కాలానికి మడి పోయింది. తండ్రి ఆకును కొని తెచ్చి కావడిలో అంగళ్ళకు మోశాడు. ఆ రోజుల్లో గడీలోని దొర పైపుకు హైదరాబాదు నుంచి డబ్బా పొగాకు దిగేది. ఊరికి దక్కింది దాని వాసన మాత్రమే. ఈనాడు ఆ దొర మనుమడు సాకేత్ రావు జగిత్యాలలో కూర్చుని ఫోను నొక్కితే డబ్బా గుమ్మంలోకి వస్తుంది.

పరశురాములు మాత్రం అంగడిలో గంప దించి, మచ్చుకు ఒక చిలుము నింపి ఇచ్చి, నచ్చితేనే ఆకు తూచే ఆచారం విడువలేదు. సిరిసిల్ల నుంచి ముసలి నేతగాళ్ళు బస్సెక్కి వచ్చేది ఆ ఆకు కోసమే.

గత జనవరిలో జీపు దిగిన ఒక అధికారి ఆ గంపను బూటుకాలితో నెట్టాడు.

"దీనికి బొమ్మేది?"

"ఆకుకు బొమ్మెట్లుంటది సార్?"

"రోగం బొమ్మ ఉండాలె. వచ్చే వారం లేకుంటే నీ గంప లేస్తది."

పరశురాములు భార్య కనకవ్వ బీడీల కార్ఖానాలో కట్టలకు రోగం బొమ్మ ఉన్న లేబుళ్ళు అంటిస్తుంది. సంగతి విని నవ్వింది.

"బొమ్మనే గదనయ్యా! చినిగినయి కుప్పలు పారేస్తరు, తెస్త తియ్యి. నీ మొకం కన్న గా బొమ్మనే నయముంటది."

ఇద్దరూ కూర్చుని ప్రతి ఆకు కట్టకూ మైదాపిండితో బీడీ లేబులు అంటించారు. చట్టప్రకారం నడుచుకున్నామన్న ధీమాతో పరశురాములు ఆ వారం కొత్త రుమాలు చుట్టుకుని వెళ్ళాడు.

అధికారి కట్ట తిప్పి చూశాడు. "కంపెనీ లేబులు దొంగిలించి డూప్లికేటు మాల్ అమ్ముతున్నవా, ముసలోడా?"

"నువ్వే గద సార్ బొమ్మ పెట్టుమన్నది!" పరశురాములు అరుపుకు అంగడి ఆగిపోయింది. "పెట్టకుంటే తప్పు, పెడితే దొంగతనమా? డబ్బాలు దిగే ఇంటికి గీ జీపు పోదేంది? దానికి తొవ్వ దొరకదా?"

గంప, తక్కెడ, చిలుము జీపెక్కాయి. ఆయన మీద నకిలీ సరుకు కేసు పడింది. మరుసటి వారానికే ఆయన చోట మరొకరిని కూర్చోబెట్టారు.

పొగాకు ఆరోగ్యానికి మేలు చేస్తుందని ఈ పత్రం వాదించడం లేదు. చదువు రాని మనిషిని బొమ్మ కావాలని గద్దించి, అది ఏ బొమ్మో, ఎలా పొందాలో చెప్పకుండా వెళ్ళి, ఆపై అతనినే దొంగ అనడం అన్యాయమని మాత్రమే తెలియజేస్తున్నది.

కావున తమరు దయయుంచి సదరు పరశురాములుపై కేసును ఉపసంహరించి, గంప, తక్కెడ, చిలుము తిరిగి ఇప్పించి, అంగడిలో ఆయన చోటు ఆయనకే కేటాయించవలసిందిగాను, ఆకు అమ్మరాదన్నదే తమ నిర్ణయమైతే ఆ మాట లిఖితపూర్వకంగా తెలిపి, అదే చోట మరో సరుకు అమ్ముకోనివ్వవలసిందిగాను ఆయన తరఫున కోరడమైనది.