బట్టీ పొగలో అమ్మ పాలు

ఈమధ్య టెక్కలి ఆసుపత్రిలో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు తల్లిని పరీక్షకని తీసుకెళ్ళగానే పిల్ల గుక్కపట్టింది. నర్సు తల్లిపాలతో తడిసిన గుడ్డ తెచ్చి పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. కళ్ళింకా సరిగా విప్పని ఆ పిల్ల ఏడుపాపి, మెడ తిప్పి, నోరు తెరిచి గుడ్డకేసి వెతుక్కుంది. గదిలో అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం ఆ పాలవాసనకి కడుపు మండిపోయింది.

నా చిన్నప్పుడు మేం పలాస శివార్లలో ఉండేవాళ్ళం. వేసవి వస్తే ఉద్దానం తోటల నుంచి బళ్ళమీద జీడిపిక్కలు దిగేవి, జీడిమామిడి పళ్ళ రసం కారి మా గౌన్లమీద పడ్డ మరకలు ఎన్ని ఉతుకులు ఉతికినా వదిలేవి కావు, పనసతొనలు తిన్న చేతుల జిగురు పోవడానికి మామ్మ కొబ్బరినూనె పులిమేది, పొద్దువాలితే ఇసుకలో పిక్కలు వరసగా పేర్చి రాయితో కొట్టే ఆట ఆడుకునేవాళ్ళం. వీటన్నిటిమీదా పిక్కలు కాల్చే జీడిబట్టీల పొగ, గొంతు గీరుకుపోయే ఘాటుతో, దుప్పటిలా పరుచుకుని ఉండేది.

ఆ బట్టీల్లో ఒకదానిలో మా అమ్మ పప్పుమీద పొట్టు తీసేది. చెల్లి పుట్టాక ఒళ్ళు కుదుటపడకముందే మళ్ళీ పనికెళ్ళింది. మధ్యాహ్నం చెల్లిని చంకనేసుకుని నేను గేటు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. అమ్మ ఇంకా దగ్గరికి రాకముందే చెల్లి ముక్కుపుటాలు కదిలేవి, నా భుజానికి ముఖం రుద్దుకుని పెదాలు చప్పరించేది. "పసిగుంటలకి ముక్కే కళ్ళు," అనేది మామ్మ. అమ్మ విడిచిన చీర కప్పితే చాలు, చెల్లి అందులో ముక్కు దూర్చి నిద్రపోయేది.

ఒంట్లో బాగోక కూర్చున్న ఒకావిడని బట్టీ మేస్త్రీ బూతులు తిడుతుంటే అమ్మ ఎదురు చెప్పిందట. మర్నాడే అమ్మని పిక్కలు కాల్చే పెనం దగ్గరికి మార్చాడు. ఆ మధ్యాహ్నం చేతులకి కాలిన పిక్కల్లోంచి కారే నల్లటి జీడినూనె, జుట్టునిండా పొగతో వచ్చింది. చెల్లి ఆత్రంగా రొమ్ముదాకా వెళ్ళి, ఆగి, ముఖం పక్కకి తిప్పేసుకుని కెవ్వుమంది. అమ్మ కుంకుడుకాయతో, సున్నిపిండితో చర్మం ఎర్రబడేదాకా తోముకుంది. ఎంత తోమినా ఆ పొగ పోలేదు. చెమటలోకే దిగిపోయింది.

అమ్మ మేస్త్రీని అడగడానికెళ్ళినప్పుడు నేనూ చెల్లిని ఎత్తుకుని పక్కనే ఉన్నాను.

"పొట్టు కాడికి మార్సండి బాబూ. పిల్ల పాలు తాగట్లేదు."

"పాలడబ్బా కొనుక్కో. నీ గుంట కోసం బట్టీ ఆపీమంటావేటి?" అన్నాడు, తలైనా ఎత్తకుండా. చుట్టూ ఉన్న మగాళ్ళు నవ్వారు. ఎనిమిదేళ్ళ నాకు వాళ్ళందరినీ రాళ్ళతో కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

నాన్నకి ఆ ఏడు పని లేదు, అమ్మ మానడానికి వీల్లేకపోయింది. డబ్బా పాలు నీళ్ళు కలిపి పడితే చెల్లికి విరేచనాలు పట్టుకుని డొక్కలు తేలాయి. అమ్మ గిన్నెలోకి పిండి పట్టినా ఆ పొగవాసనకి ఉమ్మేసేది. ఇటు చెల్లి ఆకలికి ఏడుస్తుంటే అటు అమ్మ పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో తన పాలు పిండి పారబోసేది.

ఒక సాయంత్రం పక్కింటి సువార్తమ్మ వచ్చింది. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడే మనిషి, అప్పటికి చంటిబిడ్డ తల్లి. "ఇలా తే ఒదినా. మా గుంటడు తాగ్గా ఇంకా ఉన్నాయి," అని చెల్లిని ఒళ్ళోకి తీసుకుంది. చెల్లి వాసన చూసింది, తటపటాయించింది, తర్వాత గబుక్కున అందుకుంది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. జాకెట్టు తడిసిపోతోంది. "తాగతంది," అంది, అంతే. కొన్నాళ్ళకి అమ్మకి పాలు ఎండిపోయాయి.

చెల్లి బతికింది. పెళ్ళిళ్ళలో "నాకిద్దరమ్మలు" అని అందరినీ నవ్విస్తుంది. సువార్తమ్మ ఇప్పుడు లేదు. ఆ బట్టీ స్థానంలో ఆవిరి యంత్రాలొచ్చాయి, వీధిలో పొగ లేదు, గౌన్లకి జీడిమామిడి మరకలూ లేవు. గేటు దగ్గర చంటిపిల్లలూ కనబడరు, అక్కడిదాకా రానివ్వరు కనక.

మేస్త్రీ పోయాడని కబురొచ్చినప్పుడు అమ్మ పలకరింపుకి బయల్దేరింది.

"సచ్చినోడిమీద కోపమేటే? రా, ఎల్లొద్దాం."

"నేను రాను," అన్నాను.

అమ్మ చెప్పులేసుకుని ఒక్కతే వెళ్ళింది. అమ్మ క్షమించొచ్చు, పోయినవి అమ్మ పాలు. నేను క్షమించను.