ఇచ్చేసిన ఊరు

ఉరుకుందమ్మ పొడుపుకథలు విప్పడంలో అంతటిది కావడానికి తెలివే కారణమని ఆ నేతగాళ్ళ వీధిలో అందరూ అనుకునేవాళ్ళు. అసలు కారణం భయం. అది ఆమెకు తెలుసు, పక్కింటి నాగక్కకు తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలు. కోయిలకుంట్ల సంతకు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఊరు వాళ్ళది. తెల్లవారుతూనే వీధి పొడవునా మగ్గానికెక్కించే నూలు పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవాళ్ళు. ఎండ ముదిరేలోగా అయిపోవాల్సిన పని. చేతులు ఆడుతుంటే నోరు ఊరుకుంటుందా? నాగక్క పొడుపుకథ వేసేది, తక్కినవాళ్ళు విప్పాలి. విప్పలేనామె ఒక ఊరు ఇచ్చుకోవాలి. ఆ ఊరిని తానేం చేయబోతోందో నాగక్క చెప్పి నవ్వించి, ఆ తర్వాతే విడుపు చెప్పేది. ఇచ్చిన ఊరు తిరిగి రావాలంటే మరో కథ విప్పి గెలుచుకోవాల్సిందే.

ఆ రోజు నాగక్క వేసింది: "నేల తాకదు, చూరు విడవదు. కుండ మోస్తాది, కూడు తినదు. ఏందో చెప్పు మే ఉరుకుందీ."

ఇంట్లో ఉట్టి రోజూ ఆమె నెత్తికి తగులుతూనే ఉంటుంది. రవ్వంత ఆలోచిస్తే తట్టేదే. కానీ గంజి ఆరిపోతోంది.

"నాకు రాదులే అక్కా. ఊరు తీస్కో."

"ఏ ఊరు?"

ముందురోజు మొగుడు నరసన్న చీరల మూట భుజాన వేసుకుని, అమ్ముకొస్తానని పేరు చెప్పి పోయిన ఊరే నోటికి వచ్చింది. "తంగేడుమిట్ట ఇచ్చినా."

"ఇంగ తంగేడుమిట్ట నాది! పొయిలన్నీ ఆర్పుతా, తలుపులు పెరికి కట్టెల కింద పెడతా, కుక్క గూడా మొరక్కుండా చేస్తా!"

వీధంతా నవ్వింది. ఉరుకుందమ్మ కూడా నవ్వింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నూలు తెచ్చే శాంతయ్య బండి వచ్చింది. మూటలు దించకముందే అతను చెప్పిన మాట ఇది: "తంగేడుమిట్టలో గత్తర దిగినాదంట. వాంతులు, బేదులు. పొద్దున పట్టినోడు మాపటికి ఉండడంట. మీ వాళ్ళెవరూ ఆ పక్క పోలేదు గదా?"

అందరి కళ్ళూ ఉరుకుందమ్మ మీదికి తిరిగాయి. పొయ్యిలార్పడం, తలుపులు పెరకడం, కుక్క మొరక్కపోవడం... ఒక్కొక్క మాటా చెవిలో మళ్ళీ మోగింది. తన నోటితో తనే ఇచ్చేసింది, ఊరినీ, ఊళ్ళో ఉన్న మనిషినీ.

ఇంట్లోకి పోయి, మళ్ళీ బయటికి వచ్చి, తిన్నగా నాగక్క వాకిట్లో నిలబడింది. నాగక్క ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నా ఊరు నాకియ్యి."

"తీస్కోమే తల్లీ, తీస్కో! నాకెందుకా ఊరు? ఆటకన్న మాట."

"ఉత్తినే ఇస్తే రాదక్కా. కథ వెయ్యి."

"సరే. ఆకాశంలో పళ్ళెం, అందులో..."

"అది పసిబిడ్డ గూడా చెప్తాది! నన్ను ఊరడించేకి వేస్తాండావా? నీకొచ్చిన దాంట్లో గట్టిది వెయ్యి."

నాగక్క చాలాసేపు గొణుక్కుంది. తప్పదని తెలిశాక, కళ్ళు మూసుకుని వేసింది: "ఇద్దరు కవలలు ఊరు దాటినారు. ఒకడు ముందు, ఒకడు వెనక, దావంతా జత కూడింది లేదు. ఇల్లు చేరినాక జత కూడితే, ఇంట్లోకి రానియ్యలేదు."

వేశాక తనే నాలుక కరుచుకుంది. "అయ్యో, ఇది వద్దు మే..."

"వేసినావు గదా. ఉండనీ."

ఉరుకుందమ్మ తన గడపలో కూలబడింది. ఇంట్లోకి రానియ్యలేదంటే? గత్తరతో పోయినవాణ్ణి ఇంటికి తేకుండా ఊరి బయటే పూడుస్తారు. ముందొకడు వెనకొకడు అంటే? పాడె మోసేవాళ్ళా? ఎటు తిప్పినా కథలో నరసన్న శవమే కనబడింది.

పొద్దు వాలుతుండగా ఆమెకు ఒక సంగతి తోచింది. ఉట్టి కథలో కుండ మోస్తాది, కూడు తినదు అంటే మనిషిలా వినబడింది గానీ, అది మనిషి కాదు. కథలో మనుషులన్నచోట మనుషులుండరు. భయపెట్టే మాట ఉత్త పైగుడ్డ. దాన్ని తీసి పక్కన పెట్టాలి. మొదటి నుంచి పోతే కవలలే అడ్డం నిలుస్తున్నారు, కొస నుంచి పోదాం. ఇంటి దాకా వచ్చి ఇంట్లోకి రానిది ఏది?

గడప పక్కకు చూసింది. ఆ వీధిలో ఆడవాళ్ళందరూ వట్టికాళ్ళవాళ్ళే. ఊళ్ళు తిరిగే మొగుడికి మాత్రం ఒక జత ఉంది. అతను ఇంట్లో ఉంటే అవి అక్కడే, గోడవార ఉంటాయి. ఇప్పుడు ఆ చోటు ఖాళీ.

"నాగక్కా!" కేక వేసి లేచింది. "చెప్పులు! నడిచేటప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక! వాకిట్లో జత!"

నాగక్క పరుగున వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ ఊరు నీకిచ్చినా. పిల్లా మేకతో, గొడ్డూ గోదాతో సహా ఇచ్చినా."

అయినా ఉరుకుందమ్మ గడప వదల్లేదు. ఊరు వచ్చింది. మనిషి రాలేదు.

మర్నాడు పడుగు దువ్వే వేళకు నరసన్న వచ్చాడు, సగం చీరలు అమ్ముడుపోని మూటతో, చిరచిరలాడుతూ. "ఏమ్మే, అట్ల చూస్తాండావు? దయ్యాన్ని చూసినట్ల?"

"యాడ పోయింటివి?"

"తంగేడుమిట్ట పొలిమేరకు పోతానే ముళ్ళకంప అడ్డమేసిండారు. లోపలికొస్తే కాళ్ళిరగ్గొడతామన్నారు. మొన్న పొద్దుగూకకముందే వెనక్కి తిరిగి, కుందూ ఏటి పక్క పల్లెలన్నీ తిరిగొచ్చినా. కాళ్ళు పుండ్లయినాయి."

నాగక్క మెల్లగా ఉరుకుందమ్మ చెవిలో అంది: "మొన్న అంటే, నువ్వు ఊరియ్యకముందే గదా మే..."

"నువ్వూరుకో అక్కా," అంది ఉరుకుందమ్మ. అప్పటికి గానీ ఆమెకు ఏడుపు రాలేదు. నరసన్నకు ఏమీ అర్థం కాలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ ఎవరికీ ఏ ఊరూ ఇవ్వలేదు. కథ వేస్తే అన్నం మాడినా సరే, మగ్గం ఆగినా సరే, విడుపు దొరికేదాకా కదిలేది కాదు. కొస నుంచి పట్టుకుని, పైగుడ్డ లాగి, ముక్కకు ముక్క విడదీసేది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు ఆటపట్టించేవాళ్ళు: "ఓడితే ఏ ఊరిస్తావు అవ్వా?"

"ఓడితే గదా," అనేది ఉరుకుందమ్మ. నవ్వుతూ అనేది కాదు.