డిక్కీలో ఇసుక మూటలు

సౌదీలోని హాయిల్‌లో మెకానిక్ షెడ్లన్నీ ఒకేచోట ఉండే పేటను సనాయియా అంటారు. అక్కడ ఒక వర్క్‌షాపులో విడిభాగాల కౌంటర్ నాది. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పొడవాటి అమెరికా సెడాన్లు. ఇంజిన్ ముందుంటుంది, బండిని నెట్టేవి మాత్రం వెనక చక్రాలు. ఆ వెనక ఇరుసు పని కడప నుంచి వచ్చిన భాయ్ చూసేవాడు. మూత విప్పకుండానే, బండి పక్కన నాలుగడుగులు నడిచి మోత విని, లోపల ఏ గేరు పన్ను అరిగిందో చెప్పేవాడు.

బాగుచేసిన బండిని అప్పగించే ముందు డిక్కీలో రెండు ఇసుక మూటలు వెయ్యడం మా షెడ్డు ఆచారం. ఆచారం అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. గుంటూరు హేతువాద సభల్లో అరిచి గొంతు బొంగురుపోయినవాణ్ణి. కానీ ఈ మూటలకు కారణం ఉంది. నెట్టే చక్రాల మీద బరువు పడితే ఇసుకలో పట్టు దొరుకుతుంది. కారణం చెప్పగలిగిన ఆచారం కాబట్టి దీన్ని ఒప్పుకున్నాను.

అమెరికా కంపెనీ ఆ సెడాన్ తయారీ ఆపేసిందని మాకు తెలిసేసరికి, స్థానికులకు ఇన్ని ఉద్యోగాలు ఇచ్చి తీరాలనే నితాఖాత్ చట్టం వచ్చి ఉంది. షెడ్డులో సౌదీలు చాలినంత మంది లేకపోతే ఇక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే మా ఇకామాలు రెన్యూ కావు. దానికి తోడు ప్రతి విదేశీ తల మీదా లెవీ అని పన్ను. మా యజమాని, అంటే మా కఫీల్, ముందు చక్రాలతో నడిచే కొత్త సెడాన్ కొనుక్కుని వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు.

"వెనక ఇరుసు ఖలాస్. నీ కడపవాడూ ఖలాస్. ఇకామా అయిపోగానే ఎగ్జిట్, ఇంటికే. ఆ ఇరుసు సామానంతా తుక్కు కింద లిస్టు రాయి."

"రాయను," అన్నాను. "కంపెనీ ఆపింది కొత్త బండ్లని. రోడ్డు మీద తిరిగే పాతవాటిని కాదు. వాటికి రిపేరు ఇకమీదటే ఎక్కువ."

"రేపటికి లిస్టు కావాలి," అని వెళ్లిపోయాడు.

భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "పోనీ సామీ. నా నసీబు అట్టుండాది. యాభై దాటినోనికి కడపలో యా షెడ్డోడు పనిస్తాడో చూడాల."

"నసీబు కాదు భాయ్! ఎక్కడో ఒక గదిలో నలుగురు కూర్చుని, ఏ బండి తయారు చేస్తే లాభమో చూసుకుని తీసుకున్న నిర్ణయం. దాన్ని ఇక్కడ ఇంకో మనిషి నీ మీదికి తోస్తున్నాడు. మనిషి చేసినదాన్ని మనిషి అడగొచ్చు."

"నువ్వు గొంతు చించుకుంటే అమెరికావోడు ఇంటాడా?"

"వాడు వినకపోతే మానె. కౌంటర్ ముందు నిలబడ్డవాడు వినాలిగా!"

ఆ సాయంత్రమే కఫీల్ ఫోన్ చేశాడు. గోధుమ పొలం దారిలో కొత్త బండి ఇసుకలో దిగబడింది. నేనూ భాయ్ పికప్‌లో వెళ్లాం. గట్టి రోడ్డు దూరంగా ఉంది, తాడు అందలేదు. నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. పికప్‌లోని ఇసుక మూటలు రెండూ మోసుకెళ్లి డిక్కీలో పడేశాను. "ఊఁ, తొక్కండి!" అన్నాను. ముందు చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోపలికి దిగాయి.

భాయ్ నడుం మీద చేతులేసుకుని నన్ను చూశాడు. "ఏంది సామీ ఇది? ఈ బండిని ముందర చక్రాలు గదా లాగేది. యెనక బరువేస్తే ముందర తేలిపోదా? తియ్యి ముందు!"

మూటలు తీశాను. భాయ్ ముందు టైర్లలో సగం గాలి వదిలాడు, చక్రాల వెనక ఇసుక చేత్తో తోడాడు, నన్ను పక్క నుంచి బానెట్ మీద బలంగా నొక్కమన్నాడు. తొక్కకుండా మెల్లగా రివర్స్ తియ్యమని కఫీల్‌కి సైగ చేశాడు. బండి తన జాడలోనే వెనక్కి నడిచి గట్టి నేలకెక్కింది.

నాకు సిగ్గేసింది. కారణం మారిపోయినా పని మానకపోవడాన్నే కదా నేను జీవితమంతా మూఢత్వం అన్నాను! ఆ సిగ్గును అక్కడే కోపంగా మార్చుకున్నాను.

"చూశారా," అన్నాను కఫీల్‌తో. "ఈయనకి తెలిసింది వెనక ఇరుసు ఒక్కటే కాదు, బండి ఎందుకు కదులుతుందో తెలుసు. మీ కొత్త బండిని బయటికి తీసింది మీరు ఖలాస్ అన్న మనిషే. లెక్కకి ఒక సౌదీ కావాలంటే మీ బావమరిదిని నా కౌంటర్‌లో కూర్చోబెట్టండి. పని నేను నేర్పుతాను. ఆ తుక్కు లిస్టు మాత్రం రాయను."

"నేర్పాక నీ పనేంటి?"

"అప్పుడు నా గురించి పోట్లాడతాను."

కఫీల్ పెద్దగా నవ్వాడు. షూలోంచి ఇసుక దులుపుకుంటూ, "ఇతనికి ఇకామా ఒక్క ఏడాది. పొద్దున కాగితాలు పెట్టు," అన్నాడు.

ఏడాదే. అయినా అడిగితే వచ్చిన ఏడాది.

తిరుగుదారిలో భాయ్, "అంతా అల్లా దయ," అన్నాడు.

"అల్లా ఎక్కడున్నాడు ఇందులో? అడిగింది నేను, బండి తీసింది నువ్వు!"

"మరి ముందూ యెనకా చూడకుండా డిక్కీలో మూటలేసింది ఎవురు సామీ?"