ఇంట్లో మాత్రమే సొమ్మసిల్లే కంప్యూటర్

మునిరామయ్య తన జీవితంలో తయారుగా ఉన్న వస్తువును కొని ఎరగడు. సైకిలు కావలసి వచ్చినప్పుడు ఫ్రేమ్ ఒక చోట, చక్రాలు ఇంకో చోట కొని బిగించుకున్నాడు. రేడియో అలాగే. పెళ్లయిన కొత్తలో కుట్టుమిషను కూడా అలాగే చేయబోతే, భార్య తిరుమలమ్మ "నాకు బట్టలు కుట్టే మిషన్ కావల్ల, నువ్వు ఆడుకునేది కాదు" అని అడ్డం పడింది. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. "మూట విప్పి చూడకుండా లగేజీ టికెట్టు కొడతామా? బిగించి అమ్మేవాడు లోపల ఏం పెట్టినాడో ఎవురికి తెలుసు?" అనేవాడు.

అందుకే కూతురు కోమలికి ఇంటి నుంచే చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చి, కంప్యూటర్ కావాలన్నప్పుడు, పూతలపట్టులోని ఆ ఇంట్లో ఏం జరగాలో అదే జరిగింది. "లాప్‌టాప్ కొనేద్దాం నాయనా" అని కోమలి మొత్తుకుంది. అడ్డం పడడానికి తిరుమలమ్మ లేదు. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

మునిరామయ్య తిరుపతికి పోయి, భానుచందర్ అనే కుర్రవాడి అంగట్లో ఒక్కొక్క సామానూ తిప్పి తిప్పి చూసి కొని, అట్టపెట్టెలన్నీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. హాల్లో దుప్పటి పరిచి, ఫోన్‌లో వీడియోలు చూస్తూ బిగించాడు. బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి మీట నొక్కితే లైటు వెలిగింది. ఆ రోజు వీధిలో ఆయన నడకే వేరు.

సరిగ్గా కోమలి పిల్లలకు భిన్నాలు చెబుతుండగా తెర నీలంగా మారి, అంతా ఆగిపోయింది.

"సొమ్మసిల్లింది, అంతే. కొత్తది గదా," అన్నాడు మునిరామయ్య.

మరునాడూ సొమ్మసిల్లింది. దానికి ఒక వేళా లేదు, పాళా లేదు. పొద్దంతా ఎద్దులా పనిచేసేది. పాఠం మొదలుపెట్టి, చెవులకు తగిలించుకునే మైకు సర్దుకుంటే చాలు, ఒక్కోసారి పడిపోయేది. ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే పడేది. మునిరామయ్య డబ్బా విప్పాడు. మెమరీ ముక్క తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. వేడెక్కిందేమోనని టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాడు. దాని గాలికి కోమలి నోటుపుస్తకం కాగితాలు లేచిపోయాయి. విండోస్ మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించాడు. దానితోపాటు కోమలి వారమంతా కూర్చుని తయారు చేసుకున్న పాఠాలూ పోయాయి.

"నాయనా! అడగొద్దా?"

"పోతే మళ్లీ రాసుకోవచ్చులేమ్మా. స్టేజీ స్టేజీకి దిగి సూసుకుంటా పోవల్ల. అప్పుడే టికెట్టు లేనోడు దొరుకుతాడు."

"ఆ డబ్బా ముట్టుకుంటే చేతికి చీమ కుట్టినట్టు ఉండాది. అదేందో చూడరాదా?"

"కొత్త ఇనుము. చురుకు ఉంటాది."

కోమలికి ఏడుపు, నవ్వు, కోపం మూడూ ఒకేసారి వచ్చాయి. కంపెనీ వాళ్లు మర్యాదగానే చెప్పారు: సోమవారం పిల్లల తల్లిదండ్రులు కూడా కూర్చుని చూస్తారు, ఆ పాఠం మధ్యలో తెగిపోతే ఆ పిల్లలను వేరే టీచరుకు అప్పగిస్తాం. జీతం సంగతి అలా ఉంచితే, అమ్మ పోయిన తర్వాత ఆ ఇంట్లో మళ్లీ నవ్వులు వినిపించింది ఆ పిల్లల వల్లే. "మిస్, మా కుక్క కూడా వింటా ఉంది" అనే ఆ గొంతులను ఇంకెవరికో ఇచ్చేయాలంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

శుక్రవారం డబ్బాను దుప్పట్లో చుట్టి, తండ్రీ కూతుళ్లు తిరుపతి బస్సెక్కారు. భానుచందర్ దాన్ని బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి నడిపించాడు. పొద్దుగూకేదాకా నడిచింది. పాటలు పాడింది, ఆటలు ఆడింది, ఒక్కసారి కూడా తూలలేదు.

"బాగుండాది కదా పెద్దాయనా!"

ఇంటికి తెచ్చి తగిలించారు. కోమలి మైకు చేతికి తీసుకుంది. తెర నీలమైంది.

"పుట్టింటికి పోయొచ్చిన కోడలిలాగా ఉండాది దీని వరస," అంది కోమలి. "ఆడ నవ్వులు, ఈడ మూతివిరుపులు."

మునిరామయ్యకు నవ్వు రాలేదు. ఫోన్ తీసి భానుచందర్ మీద పడ్డాడు. "పాత సామాను రంగేసి నాకు అంటగట్టినావు. కాదంటే కాణిపాకం రా, ఆ స్వామి ముందర తలస్నానం చేసి ప్రమాణం చెయ్యి!"

అవతలివాడికీ ఓపిక అయిపోయినట్టుంది. "చేస్తా పెద్దాయనా! రేపు పొద్దున్నే వస్తా. నా సామాను కొత్తదని నేను చేస్తా, నువ్వు బిగించింది సరిగ్గా బిగించినావని నువ్వూ చెయ్యల్ల!"

మునిరామయ్య ఫోన్ పెట్టేశాడు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణమంటే ఆ చుట్టుపక్కల ఎవరికీ ఆటకాదు. తనూ చెయ్యాలన్న రెండో మాట ఆయన అనుకోనిది.

శనివారం భానుచందర్ మోటారు సైకిలు మీద నిజంగానే వచ్చాడు. ప్రమాణానికి పోయే మనిషి కదా, తలస్నానం చేసే వచ్చాడు. "పోయే ముందు ఒకసారి దాన్ని చూసి పోదాం," అంటూ చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చి, డబ్బా మీద చెయ్యి వేశాడు. వెంటనే వెనక్కి లాక్కున్నాడు.

"అబ్బా! జిల్లుమనె!"

"నేను మొదట్నించీ చెప్తానే ఉండా," అంది కోమలి, తండ్రి వైపు చూడకుండా.

"ఎర్తింగ్ లేదు పెద్దాయనా ఈ ఇంట్లో. కరెంటు భూమిలోకి పోయే దారి లేక డబ్బాలోనే తిరగతా ఉండాది. అందుకే ఈడ పడిపోతా ఉంది, మా అంగట్లో పడలేదు."

మునిరామయ్యకు రోషం ముంచుకొచ్చింది. "లేకపోవడమేంది? ఇల్లు కట్టినప్పుడు ఈ చేతుల్తోనే గుంత తవ్వి, బొగ్గులూ ఉప్పూ పోసి, రాగి పలక దింపినా. వాడెవడో చేస్తాడని నేను ఒదిలిపెట్టే మనిషినా?"

"యాడుండాది?"

"వంటింటి ఎనకాల. రా, సూపిస్తా!"

ముగ్గురూ వెనక్కి వెళ్లారు. వంటింటి కిటికీ కింద కరివేపాకు చెట్టు ఉండాల్సిన చోట కొన్ని పుల్లలు, వాటి చివర నాలుగు పసుపు ఆకులు ఉన్నాయి. దాని మొదట్లోంచి గోడకు ఎక్కిన ఎర్తు తీగ ఎక్కడా తెగలేదు. కానీ నేల నెర్రెలిచ్చి ఉంది. మునిరామయ్య కర్రతో పొడిస్తే రాయిలా టంగుమంది.

"ఎర్తు గుంత తడిగా ఉండల్ల కదా," అన్నాడు భానుచందర్. "ఎండిపోతే ఉన్నా లేనట్టే. ఇన్నేళ్లు దీనికి నీళ్లు ఎవురు పోస్తా ఉన్నారు?"

కోమలి వంటింటి కిటికీ వైపు చూసింది.

తిరుమలమ్మకు కరెంటు గురించి తెలిసిందల్లా ఉరుము వస్తే టీవీ ఆపాలన్నదే. పొద్దునా సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు గిన్నెతో తెచ్చి, ఆ కరివేపాకు మొదట్లోనే పోసేది. "సింకులో పోస్తే నీ సొమ్మేం పోయె? గిన్నె పట్టుకుని అంత దూరం ఎందుకు తిరగతావు?" అని మునిరామయ్య ఎన్నిసార్లు విసుక్కున్నాడో కోమలికి గుర్తుంది. ఇప్పుడు బియ్యం కడిగేది కోమలే. ఆ నీళ్లు సింకులోకే పోతున్నాయి.

మునిరామయ్య వెళ్లి బకెట్టు నింపుకుని వచ్చాడు. ఒకటి, మరొకటి. నేల గటగటా తాగింది. కోమలి ఉప్పు డబ్బా తెస్తే, చెట్టుకు తగలకుండా అవతలి పక్క చిన్న గొయ్యి తీసి వేశాడు. మధ్యాహ్నానికి డబ్బా మీద చెయ్యి వేస్తే చీమ కుట్టలేదు. భానుచందర్ సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, అన్నం కూడా తిని, దాన్ని ఎంత సతాయించినా అది పడలేదు.

"మరి కాణిపాకం, పెద్దాయనా?"

"మన ఇద్దరిదీ తప్పు లేదు కదప్పా," అన్నాడు మునిరామయ్య గొంతు సవరించుకుని. "ఇంకేం ప్రమాణం. ఊరికే పోయి దండం పెట్టుకుని రా."

సోమవారం పాఠం మొదలైంది. తెరమీద పిల్లల వెనక తల్లులూ తండ్రులూ కూర్చున్నారు. కోమలి మైకు సర్దుకుంటూ ఊపిరి బిగబట్టింది. ఏమీ కాలేదు. రొట్టెను ఎనిమిది ముక్కలు చేసి పంచుతుండగా, వెనక కిటికీలోంచి నీళ్లు పోసిన చప్పుడు, ఆ వెంటనే తండ్రి గొంతు వినిపించాయి.

"పోయే మనిషి, ఫలానా పని ఉండాదని ఒక మాట చెప్పి పోవద్దా? నాకేం కల వస్తాదా?"

"మిస్, ఎవరో తిడుతున్నారు," అంది ఒక పాప.

"మా నాయన," అంది కోమలి. "మా అమ్మతో మాట్లాడతా ఉన్నాడు. మీరు చెప్పండి, ఎనిమిదిలో మూడు తీసేస్తే ఎన్ని ముక్కలు మిగిలాయి?"