ఒక్క మాస్కు

బస్సు డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ డిపోలో అందరూ ఆయన్ని ‘నెమ్మది’ అనే పిలిచేవారు. ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు కూడా తూలేవారు కాదు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక చిన్న వెల్డింగ్ మిషను కొన్నాడు. డిపో వర్క్‌షాపులో వెల్డరు పనిచేస్తుంటే ఎన్నోసార్లు చూశాడు కాబట్టి తనకూ వచ్చేసినట్టే అనుకున్నాడు. వంటింటి వెనక వరండాలో పాత చెక్కబల్ల ఉంది, అదే చాలన్నాడు. దాని కింద పాతబట్టల మూట, గోడకవతల గ్యాస్ సిలిండరు. అవేవీ ఆయన కంటికి ఆనలేదు.

మొదటి పని పూలకుండీల స్టాండు. దాని కాలు నిలబడటం లేదని భార్యను పిలిచాడు.

“కాస్త ఇది పట్టుకో. కళ్ళు గట్టిగా మూసుకో.”

“మూసుకుంటే తిన్నగా పట్టుకున్నానో లేదో ఎలా తెలుస్తుందండీ?”

“నేను చూస్తాగా!”

ఉన్నది ఒకటే వెల్డింగ్ మాస్కు. అది ఆయన పెట్టుకున్నాడు. రెండు అతుకులు పడ్డాక కాలు పక్కకు జారింది. “అదిగో, పాడు చేశావు! కాస్త చూసుకోవద్దూ?” అని కసిరాడు. ఆ తర్వాత ఆవిడ కళ్ళు తెరిచే పట్టుకుంది.

సాయంత్రానికి కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టుందని ఆవిడ విలవిల్లాడిపోయింది. లైటు వేస్తే కేక పెట్టింది. పక్క వీధిలో ఉండే ఆవిడ చెల్లెలు పరుగున వచ్చింది. ముగ్గురూ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

“వెల్డింగ్ వెలుగు చూశారా?” అని అడిగింది డాక్టరు.

“మా ఆయన చూడొద్దనే చెప్పారండీ. నేనే తొంగి చూశాను” అంది భార్య.

“చిన్నపిల్లలా ఏమిటమ్మా ఇది? ఆయన మాట వినాలి కదా!”

భార్య చేతిసంచి పట్టుకుని పక్కనే నిలబడ్డాడాయన. “మా అక్కకి మొదట్నుంచీ అంతే, అన్నీ చూసెయ్యాలి!” అని మరదలు నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

మర్నాడంతా ఆవిడ గోడలు తడుముకుంటూ తిరిగింది. చుక్కల మందు వేస్తూ ఆయన అడిగాడు. “అలా ఎందుకు చెప్పావు?”

“మిమ్మల్ని ఒకరు మాట అంటే నేను వినలేను.”

తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆవిడ చూపు తేరుకున్నాక మిషను ఇచ్చేద్దామని డిపో వెల్డరు దగ్గరికి తీసుకెళ్ళాడు. “ఏమైందన్నా?” అని వెల్డరు అడిగితే, “మా ఆవిడ తొంగి చూసింది” అన్న మాట దానంతటదే వచ్చేసింది. అన్నాక చెవులు వేడెక్కాయి. భార్య తన కోసం ఆడిన అబద్ధాన్ని ఇప్పుడు తనే వాడుకున్నాడు.

“దానికి మిషనేం చేస్తుంది? బల్ల సరిగా కట్టుకో, అడ్డంగా తెర వేసుకో” అన్నాడు వెల్డరు.

మిషనుతో ఇంటికి తిరిగొచ్చి పని మొదలుపెట్టాడు. వరండా వదిలేసి, ప్రహరీ పక్కనున్న రేకుల పంచలోకి మారాడు. నేల గచ్చు చేయించాడు. ఇనుప కాళ్ళ మీద మందపాటి ఇనుప పలక వేయించాడు. పక్కన ఇసుక బకెట్టు, మంటలార్పే సిలిండరు పెట్టాడు. దారివైపు వెల్డింగ్ తెర కట్టాడు. తోలు గ్లవుజులు, రెండో మాస్కు కొన్నాడు. బల్ల అంచు పొడవునా, ఇనుప ముక్కలు జారకుండా బిగించే క్లాంపులు తగిలించాడు. ఒక్కోటి తగిలిస్తుంటే భార్య వేళ్ళు గుర్తొచ్చేవి.

బల్ల చూడటానికి మరదలు వచ్చింది. “అక్కకి కూడా మాస్కు కొన్నారా బావగారూ? ఇక దొంగచూపులక్కర్లేదన్నమాట!”

ఆయన తల ఎత్తలేదు. “మీ అక్క తొంగి చూడలేదమ్మా. నేనే పట్టుకోమన్నాను. ఉన్న ఒక్క మాస్కూ నేను పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని పట్టుకుంటే జారిందని కసిరాను కూడా.”

“ఇప్పుడా మాటలన్నీ ఎందుకండీ?” అంది భార్య, కోపంగా.

“ఆరోజే చెప్పాల్సింది.”

మరదలి ముఖంలో నవ్వు పోయింది. “డాక్టరు దగ్గర నేను నవ్వితే మీరూ నవ్వారు బావగారూ” అంది. చేతిలోని టీ కప్పు సగంలోనే పెట్టేసి వెళ్ళిపోయింది.

భార్య ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు తెర అవతల నుంచి పిలిచింది. “ఏమైనా పట్టుకోవాలా?”

“వద్దు, క్లాంపులున్నాయి” అన్నాడు. ఆవిడ అడుగుల చప్పుడు వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు మాస్కు దించుకున్నాడు.

మరదలు ఇప్పటికీ వస్తూ పోతూ ఉంటుంది. అక్కతో కబుర్లు చెబుతుంది. ఆయనతో మాత్రం మునుపటిలా పరాచికాలాడదు. అందులో ఆమె తప్పేమీ లేదని ఆయనకు తెలుసు.